మిగిలిన టైరులో గాలి

ఆ చప్పుడు వచ్చినప్పుడు నేను వంటింటి గడప దాటుతున్నాను. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. చప్పుడు విన్నాను అంటున్నాను గాని అది చెవులతో విన్నట్టు లేదు. ఎవరో వీపు మీద రెండు చేతులూ వేసి నెట్టినట్టు బోర్లా పడ్డాను. అలమర మీది ఇత్తడి గిన్నెలు దొర్లి నా ముందే కింద పడ్డాయి. అవి పడటం కనిపించింది గాని మోత వినిపించలేదు. ఏం జరిగిందో అర్థం కాక, గిన్నెలు ఎందుకు చప్పుడు చెయ్యడం లేదని వాటినే చూస్తూ ఉండిపోయాను.

మాది రాయచూరు జిల్లాలో మల్లట్ దగ్గర క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలవ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చినవాళ్లం వేసుకున్న ఊళ్లను అక్కడ అందరూ క్యాంపులనే అంటారు. మేం వచ్చేటప్పటికి అక్కడ తుమ్మచెట్లూ నల్లరేగడీ తప్ప ఏమీ లేవు. నేను చెప్పేది అప్పటి మాట కాదు. డెబ్భైల మొదట్లో, పొలాలు మళ్లుగా మారి, ఇళ్లకు పెంకులు పడి, నా ఇద్దరు కూతుళ్లూ నడక నేర్చి ఇల్లంతా తిరుగుతున్న రోజులు.

ఆ ఏడాది మా ఆయన ఒక చిన్న ట్రాక్టరు కొన్నాడు. కొత్తది కాదు. మా పక్క క్యాంపు రైతు పెద్ద ట్రాక్టరు తెచ్చుకుంటూ వదిలించుకున్న బండి. పొడి దుక్కిలో బుద్ధిగానే నడిచేది. నీళ్లు పెట్టిన మడిలోకి దిగిందంటే మాత్రం దాని సన్నటి వెనక టైర్లు రేగడిలో ఇరుసు దాకా దిగబడిపోయేవి. దాన్ని పైకి లాగడానికి మా ఎడ్లనే కట్టేవాళ్లం. ట్రాక్టరును ఎడ్లు లాగుతుంటే గట్టు మీద పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. మా ఆయనకు అది తల కొట్టేసినట్టుండేది.

వెడల్పు టైర్లు వేస్తే దిగబడదని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. రాయచూరు వెళ్లి తిరిగి, లోపలి గుండ్రం సరిగ్గా మా చక్రానికి సరిపోయే టైర్లు రెండు చూసి వచ్చాడు. వెడల్పు మాత్రం పాతవాటికన్నా బాగా ఎక్కువ. వాటికి తగ్గ వెడల్పాటి రిమ్ములు ఎక్కడా దొరకలేదు. బండితో వచ్చిన రిమ్ములకే ఎక్కించాలి. రాయచూరులో లారీలకూ జీపులకూ టైర్లు వేసే మేస్త్రి ఒకతను, ఇంటికే వచ్చి ఎక్కించి ఇస్తానన్నాడట.

ఆ మేస్త్రి భారీ మనిషి. నవ్వితే పొట్ట కదిలేది. రాయచూరులోనే పుట్టి పెరిగినవాడు. మాతో తెలుగు, సామాను దించిన లారీ డ్రైవరుతో ఉర్దూ, మా పాలేరుతో కన్నడం, ఒకే ఊపిరిలో మాట్లాడేవాడు. తనతో పెట్రోలు ఇంజనుతో నడిచే గాలి మిషను తెచ్చాడు. రిమ్మును అటూ ఇటూ తిప్పి చూసి, "జర సన్నగున్నది రిమ్ము. అయినా ఏం కాదు, కూసుంటది" అన్నాడు. ట్రాక్టరు టైరు అంతకుముందు ఎప్పుడైనా వేశారా అని మా అత్తయ్య అడిగితే, టైరంటే టైరే గదమ్మా అని నవ్వాడు. మాకూ అది నిజమే అనిపించింది.

మొదటి టైరు కాస్త సతాయించింది గాని ఎక్కింది. సబ్బునీళ్లు రాసి, గాలి పట్టి, సుత్తితో చుట్టూ కొడుతూ పోతే, అంచు వచ్చి రిమ్ము ఒరలో టప్పున కూర్చుంది. ఇంకోవైపు కూడా టప్పుమంది. అలా రెండువైపులా అంచు ఒరలో పడితేనే టైరు కూర్చున్నట్టట. ఇరుకు చొక్కా తొడిగిన మనిషికి పొట్ట ముందుకు వచ్చినట్టు ఆ టైరు రిమ్ము దగ్గర నొక్కుకుపోయి నడుమ ఉబ్బి ఉంది. అయినా రెండోవైపు ఇరుసు కింద రాళ్లు పేర్చి, దాన్ని బండికి బిగించి నిలబెడితే ఎంతో ఠీవిగా కనిపించింది. మా ఆయన దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నాడు. పిల్లలు దాని మీద అరచేతులతో తప్పెట వాయించారు.

రెండోది కూర్చోలేదు. ఒకవైపు కూర్చుంది, రెండోవైపు జానెడు మేర అంచు లోపలికే ఉండిపోయింది. గాలి తీసి, మళ్లీ సబ్బునీళ్లు రాసి, మళ్లీ పట్టారు. అదే చోట అదే జానెడు. ఎండ ముదిరింది. సబ్బునీళ్లు అయిపోయాయని మా ఆయన కేక వేస్తే, పెద్ద సత్తుగిన్నెలో బట్టల సబ్బు కలిపి తీసుకెళ్లి ఆయన కాలి పక్కన పెట్టాను. ఆయన తలెత్తలేదు. మేస్త్రి రిమ్ము మీదికి వంగి, చెవి దగ్గరగా పెట్టి, "ఇంకొంచెం గాలి పోస్తే కూసుంటది" అన్నాడు. నేను వెనక్కి తిరిగాను. వాకిలి దాటి వంటింటి గడపలో కాలు పెట్టాను. అంతే.

లేచి బయటికి వచ్చేసరికి వాకిలంతా దుమ్ము. ఆ దుమ్ములోంచి ముందు కనిపించింది గాలి మిషను. దాని మీద మా రిమ్ము పడి ఉంది. పైకి లేచి ఎంత ఎత్తుకు పోయిందో, వచ్చి దాని మీద పడి మిషనును రేకుడబ్బాలా వంచేసింది. గొడ్లపాక చూరు ఒక పక్క లేదు. మా ఆయన కాళ్లు చాచుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద రక్తం లేదు, సబ్బునురగ ఉంది. తన కాలి పక్కనున్న నేలను కళ్లార్పకుండా చూస్తున్నాడు. పిలిచాను. పలకలేదు. మేస్త్రి గడ్డివామి దగ్గర వెల్లకిలా పడి ఉన్నాడు. అతని కుడిచెయ్యి మోచెయ్యి లేని చోట వంగి ఉంది. అంత దెబ్బ తిన్నవాడే మాట్లాడుతున్నాడు.

"నాకేం కాలేదమ్మా, అన్నను చూడుండ్రి" అంటున్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు.

అత్తయ్య పిల్లలిద్దరినీ రెక్కలు పట్టుకుని గొడ్లపాక వెనక నుంచి వచ్చింది. కాలవ తవ్వే రోజుల్లో బండలు పేల్చేవాళ్లు గదా, మళ్లీ పేల్చారనుకుందట. కొడుకును ముట్టుకుని చూసి, మేస్త్రిని చూసి, ఇంట్లోకి పోయి దుప్పటీ, దిండూ తెచ్చింది. ఆ చేతిని దిండు మీద పెట్టి దుప్పటితో కట్టేశాం. చప్పుడు విని పక్క క్యాంపు మిల్లు లారీ పరుగున వచ్చింది. అందులో ఇద్దరినీ ఎక్కించారు. మా ఆయనకు మాట వినిపించడం లేదు, నోరు తెరవడం లేదు, ఆయన్ని అలా ఒక్కడినీ పంపలేక నేనూ ఎక్కాను. పిల్లల్ని అత్తయ్యకు వదిలేశాను.

మాకు దగ్గరి పట్నం మాన్విలో, ఆసుపత్రి వరండాలో మేస్త్రిని బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు వచ్చేదాకా ఆగమన్నారు. మా ఆయన్ను పక్కన కూర్చోబెట్టాను. ఆయన నన్ను చూస్తున్నాడు. చూస్తున్నాడే గాని ఆ చూపులో పలకరింపు లేదు. గట్టిగా మాట్లాడితే పెదాల వంక చూసి, చూపు తిప్పుకునేవాడు. ఒక చెవి కింద సన్నగా రక్తం చార కనిపించింది. కొంగుతో తుడిస్తే ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. నా మొగుడు నన్ను చూసి బెదరడం అదే మొదటిసారి. దెబ్బ తలకు తగిలిందని, ఈయన ఇక మామూలు మనిషి కాడని నాకు నేనే అనుకుని, పైకి ఏడవలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

అప్పటిదాకా కళ్లు మూసుకుని మూలుగుతున్న మేస్త్రి ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు. నా వంక చూశాడు. చెయ్యి విరిగినప్పుడు కూడా అతని ముఖంలో అంత భయం లేదు.

"అమ్మా, ఇంకో టైరు" అన్నాడు.

నొప్పికి ఏదో అంటున్నాడనుకున్నాను.

"బండికి ఎక్కించిన టైరు లోపట గాలి గట్లనే ఉన్నది. అది కూడ గిసొంటి సన్న రిమ్మే, గిసొంటి టైరే. అంచుల తీగెలుంటయి, అవి లోపలనే తెగుతయి, బయటికి కనపడయి. ఎండకు గాలి ఉబ్బుతది. పిల్లలను దగ్గరికి పోనీయకుండ్రి. ముందుగాల దాని గాలి తీయించుండ్రి."

ఆ టైరు మీద పిల్లలు తప్పెట వాయించడమే కళ్లముందుకొచ్చింది. పొద్దుటి నుంచి అది అక్కడే ఉంది. మేం అరుచుకుంటూ, పరుగులు పెడుతూ, దాని పక్కనుంచే మనుషుల్ని మోసుకొచ్చాం.

గాలి ఎలా తియ్యాలని అడిగాను. ఎవరైనా మగవాళ్లకు చెప్పమన్నాడు గాని, చెప్పడం మాత్రం నాకే చెప్పాడు. గాలి పోసే గొట్టం మూత విప్పి, తిరగేసి, దాని సన్నటి కొసతో లోపలి పుల్లను తిప్పాలి. టైరుకు పక్కగా, రిమ్ముకు ఎదురుగా నిలబడకూడదు. బండి దొర్లే దారిలో, టైరు ముందు నిలబడి, చెయ్యి ఒక్కటే చాపాలి. ఎడమచేత్తో గాలిలో తిప్పి చూపించాడు. అంతలో అతన్ని లోపలికి తీసుకుపోయారు.

మా ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. ఇంటికి వెళ్లాలి, టైరు, పిల్లలు అని. ఆయన తల ఊపాడు. లేవలేదు. నేను భుజం పట్టుకుని కుదిపితే నా చేతిని ముట్టుకుని చూశాడు, అంతే, మళ్లీ గోడవైపు తిరిగాడు. ఇక ఆగలేక బస్టాండుకు పరిగెత్తాను. అంతకుముందు నేను ఒంటరిగా బస్సెక్కింది లేదు. ఆ బస్సులో నా పక్కన ఎవరు కూర్చున్నారో, దారిలో ఎక్కడ ఆగిందో ఒక్కటి కూడా గుర్తులేదు. కిటికీ కమ్మీ వేడిగా ఉండటం మాత్రం గుర్తుంది. ఆ కమ్మీయే ఇంత కాలితే, ఆ టైరు ఎంత కాలుతుందో అనుకుంటూ కూర్చున్నాను.

మా మలుపు దగ్గర దిగి కాలవ గట్టు మీదుగా పరిగెత్తాను. వాకిలి కనిపించగానే కాళ్లు ఆగిపోయాయి.

గొడ్లపాక చూరు ఎగిరిపోయింది గదా, ఆ వేళకు వాకిట్లో నీడంటూ ఉన్నది ట్రాక్టరు పక్కనే. అత్తయ్య ఆ నీడలో కూర్చుని ఉంది. ఆమె వీపు ఆ టైరుకు ఆనించి ఉంది. నా పిల్లలిద్దరూ ఆమె ఒళ్లో తలలు పెట్టుకుని నిద్రపోతున్నారు.

అరవబోయి నోరు మూసుకున్నాను. నా గొంతుకే అది పేలిపోతుందేమో అన్నంత పిచ్చి భయం పట్టుకుంది. చెప్పులు అక్కడే వదిలేసి, నిద్రపోతున్న పాము పక్కన నడిచినట్టు నడిచాను. దగ్గరికి పోయాక, "అత్తయ్యా, పిల్లల్ని తీసుకుని మెల్లగా లేవండి" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. కొడుకు పోయాడనుకుంది. ఆ ముసలి ముఖం నా కళ్లముందే పాలిపోయింది. "వాడు లేడా అమ్మాయ్?" అంది.

"ఆయన బానే ఉన్నారు. మీరు ముందు లేవండి. నన్నేమీ అడగొద్దు."

ఒక పిల్లను ఆమె, ఒక పిల్లను నేను ఎత్తుకుని గడ్డివామి అవతలకు నడిచాం. అక్కడ చెప్పాను. వింటూ వింటూనే ఆమె పిల్లను గడ్డి మీద పడుకోబెట్టింది. తన వీపును తనే చేత్తో తడుముకుంది.

ఈలోగా క్యాంపు వాళ్లు పోగయ్యారు. దూరం నుంచి రాళ్లు వేద్దామన్నారు ఒకరు. గునపంతో పొడిస్తే పోతుందన్నారు ఇంకొకరు. పొడిచేది ఎవరని అడిగితే ఒకరి వెనక్కి ఒకరు జరిగారు. వాళ్లను తప్పుపట్టను. పొద్దుటి రిమ్ము ఇంకా గాలి మిషను మీదే ఉంది, అందరి చూపూ దాని మీదే. మేస్త్రి చెప్పింది నాకు. ఆ చెయ్యి తిప్పడం చూసింది నేను. ఇంకొకరికి వివరించి చెప్పేంత మాట కూడా నా దగ్గర మిగల్లేదు. అందుకని నేనే వెళ్లాను. అత్తయ్య నా కొంగు పట్టుకుంది, మళ్లీ తనే వదిలేసింది.

టైరు ముందు నిలబడి, ముఖం పక్కకు తిప్పి, చెయ్యి చాపాను. రబ్బరు చేతికి చుర్రుమంది. మూత విప్పడానికే చాలాసేపు పట్టింది. తిరగేసి లోపల పెడితే చేతిలోంచి జారిపోయింది. కింద దుమ్ములో తడుముకుని మళ్లీ పెట్టాను. తిప్పగానే బుస్సుమని గాలి నా మణికట్టుకు తగిలింది. నేను దూకి అవతల పడ్డాను. ఏం కాలేదు. ఆ బుస్సు ఆగకుండా వస్తూనే ఉంది. అందరం నోళ్లు తెరుచుకుని దాన్నే వింటూ నిలబడ్డాం. టైరు మెల్లగా నడుం వంచింది. అంతలో బండి ఒక్కసారి కిర్రుమని ఆ పక్కకు ఒరిగింది. రెండోవైపు రాళ్ల మీద నిలబెట్టాం గదా, గాలి పోయేకొద్దీ బరువు ఇటు పడింది. ఆ కిర్రుకు ఆడామగా అందరూ పరుగులు తీశారు. నేను మాత్రం కదల్లేదు. ధైర్యం కాదు. కాళ్లు రాలేదు.

మర్నాడు మా ఆయన్ను ఇంటికి పంపారు. మేస్త్రిని రాయచూరు పెద్దాసుపత్రికి మార్చారు. మా ఆయన తింటున్నాడు, పడుకుంటున్నాడు, పిల్లల్ని దగ్గరికి తీసుకుంటున్నాడు. మాట లేదు. నేను అన్నం పెడితే కంచం అందుకునే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. నేను గదిలోకి వస్తే చూసేవాడు, వెళ్లేటప్పుడు తలుపు దాకా చూసేవాడు. మా అత్తయ్య దిష్టి తీసింది.

ఒకరోజు సాయంత్రం నేను బావి దగ్గర బిందె దించుతుంటే వెనకాలే వచ్చి నిలబడ్డాడు. బిందె రాయికి తగిలి ఖంగుమంది. ఆయన తల తిప్పాడు. ఒక చెవి తెరుచుకుందని అప్పుడు తెలిసింది.

"అప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు" అన్నాడు.

"గిన్నె పెట్టి వెళ్లిపోయాను గదండీ."

"నువ్వు వెళ్లడం నేను చూడలేదు. పేలాక చూస్తే నువ్వు లేవు, గిన్నె లేదు. అక్కడ ఏమీ లేదు." గొంతు ఎంత పైకి లేస్తోందో ఆయనకు తెలియడం లేదు, అరుస్తున్నాడు. "ఆసుపత్రిలో నీ పెదాలు కదిలేవి, మాట వినపడేది కాదు. నువ్వు పోయావనీ, నాకొక్కడికే కనిపిస్తున్నావనీ అనుకున్నా. ఎవరినైనా అడిగితే నిజం చెప్తారని అడగలేదు."

బిందె అక్కడే వదిలేశాను. ఆయన్ని పట్టుకుని కూర్చున్నాను. ఇన్ని రోజులూ ఈ మనిషి నన్నొక చనిపోయిన దాన్నిగా చూస్తూ, నా చేతి అన్నం తింటూ, నోరు మూసుకుని ఇంట్లో తిరిగాడు. అది తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. టైరు పేలిన చప్పుడు కూడా నన్ను అంతగా కదిలించలేదు.

వారం తిరక్కుండా మేస్త్రి తమ్ముడు వచ్చాడు. గాలి తీసిన ఆ టైరును రిమ్ము నుంచి ఊడదీసి, లోపలి అంచు వంచి మాకు చూపించాడు. రబ్బరు చీలి, తీగెలు తెగి, ముళ్లలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. తెగకుండా మిగిలినవి కొన్నే. "దీనికి ఆనుకొని కూసున్నదా పెద్దమ్మ?" అని అడిగాడు. అత్తయ్య లేచి లోపలికి వెళ్లిపోయింది.

పాత సన్నటి టైర్లే మళ్లీ ఎక్కించాం. బురద కోసం మాన్విలో కమ్మరి దగ్గర ఇనప దమ్ము చక్రాలు చేయించి బయటివైపు బిగించాం. అవి బురదను పట్టుకుని నడిచాయి. నాట్లు ఆలస్యమయ్యాయి, పంట పర్వాలేదనిపించింది. మా ఆయన ఆ బండిని చాలా ఏళ్లు తోలాడు. ఎక్కడైనా చక్రానికి గాలి పడుతున్నారంటే మాత్రం నా చెయ్యి పట్టుకుని అవతలి వీధి దాకా నడిపించేవాడు.

మేస్త్రి చెయ్యి వంకరగా అతుక్కుంది. సుత్తి పట్టడం కుదరక, కొట్టు తమ్ముడికి అప్పగించి తను గల్లా దగ్గర కూర్చున్నాడు. కోతలైపోయాక ఒకసారి భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆమె ఏమంటుందోనని నేను ముందే బిక్కచచ్చిపోయి ఉన్నాను. ఆమె వాకిట్లో ఆగి, "గిక్కడనా?" అని భర్తను అడిగింది. అతను తల ఊపాడు. ఆ చోటు చూసింది, గొడ్లపాక చూరు చూసింది, మా ఆయన్ను చూసింది. మూటలోంచి జొన్నరొట్టెలూ పల్లీపొడీ తీసి మా అత్తయ్య చేతిలో పెట్టింది. జొన్నరొట్టె గొంతు దిగదని ఎప్పుడూ ముట్టని మా అత్తయ్య ఆమె పక్కనే కూర్చుని రొట్టె తుంచుకుంది. ఇద్దరూ కలిసి తిన్నారు.